మన మొక్కల్లో ఇమ్యునోథెరపీ మందు కోసం కంప్యూటర్‌తో ఎలా వెతకాలి: పీడీ-ఎల్1 ఉదాహరణగా పూర్తి పద్ధతి

"డాకింగ్ చేశామండీ, మైనస్ 9.4 వచ్చింది. ఇది క్యాన్సర్‌కి పనిచేస్తుందా?" ప్రాజెక్టుల సీజన్‌లో ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా వస్తుంది. డాకింగ్ అంటే ఒక అణువు ప్రొటీన్‌లో ఎక్కడ, ఎంత గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వెయ్యడం. వచ్చే అంకె కిలోకేలరీల్లో ఉంటుంది, మైనస్ ఎంత ఎక్కువైతే అతుకు అంత గట్టి అని. అడిగేది ఎమ్మెస్సీ బయోటెక్ పిల్లలో, ఫార్మసీ పిల్లలో అయివుంటారు. ఒకరిది నేలవేము, ఒకరిది తిప్పతీగ, ఇంకొకరిది అశ్వగంధ. మొక్క మారుతుంది గానీ అంకె దాదాపు అదే. ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకుని నేనే కాదు, ఎవరూ ఏమీ చెప్పలేరు. అది రావడానికి ముందు ఏం చేశారు, వచ్చాక ఏం చేస్తారు అన్నదాన్ని బట్టే దానికి విలువ.

అందుకే మొదటి నుంచి చివరి దాకా పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. ఈ పనిలో కంప్యూటర్ చేసేది చేటతో చెరగడం. వేల అణువుల్లోంచి పొల్లు ఎగరగొట్టి, ల్యాబ్‌లో పరీక్షించదగ్గ ఐదో పదో గింజలు మిగులుస్తుంది. మిగిలినది మందేనా అన్నది ల్యాబ్ తేల్చాలి. ఇది గుర్తుంటే కింద రాసిన ప్రతి మెట్టూ ఎందుకుందో అర్థమవుతుంది.

కావలసిన సరంజామా పెద్దగా లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, లినక్స్, ఇంటర్నెట్ చాలు. ఏడో మెట్టుకి మాత్రం ఇంకా బలమైన కంప్యూటర్ కావాలి, దాని సంగతి అక్కడ చెబుతాను. నేను చెప్పే సాఫ్ట్‌వేర్లన్నీ విద్యార్థులకు ఉచితమే. మొదటిసారి చేసేవాళ్ళు మూడు నాలుగు నెలలు పడుతుందని లెక్క వేసుకోండి.

ముందు జబ్బు సంగతి

మన రక్తంలోని టీ కణాలు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. కానీ వాటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. అది బ్రేకు లాంటిది. చాలా క్యాన్సర్ కణాలు తమ పైపొర మీద పీడీ-ఎల్1 అనే ఇంకో ప్రొటీన్ మొలిపించుకుని, దానితో ఆ బ్రేకు తొక్కుతాయి. టీ కణం ఆగిపోతుంది. పీడీ-1ని 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. సీటీఎల్ఏ-4 అనే ఇంకో బ్రేకు మీద అమెరికాలో జేమ్స్ ఆలిసన్ పనిచేశారు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ వచ్చింది. సీటీఎల్ఏ-4ని అడ్డుకునే ఇపిలిముమాబ్‌కి 2011లో, పీడీ-1ని అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకి 2014లో అమెరికాలో అనుమతి దొరికింది.

ఇలా మన రోగనిరోధక కణాలతోనే క్యాన్సర్ మీద పనిచేయించే వైద్యం ఇమ్యునోథెరపీ. ఈ మందులన్నీ యాంటీబాడీలు. ఒక్కొక్కటీ లక్షన్నర డాల్టన్ల బరువుండే భారీ ప్రొటీన్. నోటి ద్వారా ఇవ్వడానికి కుదరదు, డ్రిప్‌లో గానీ ఇంజక్షన్‌గా గానీ ఎక్కించాలి. ఎక్కించాక వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. సైడ్ ఎఫెక్ట్ వస్తే వెంటనే వెనక్కి తియ్యలేం. అదే పని చిన్న అణువు చెయ్యగలిగితే మాత్రగా ఇవ్వొచ్చు, తేడా వస్తే ఆపెయ్యొచ్చు. చిన్న అణువుల కోసం, వాటిలో భాగంగా మొక్కల్లోని అణువుల కోసం వెతకడానికి అసలు కారణం ఇదే. "ఇమ్యూనిటీ పెంచే మూలిక" అనే మాటకీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ మనం పెంచేది ఏమీ లేదు, ఒక ఫలానా బ్రేకు మీద నుంచి కాలు తీయిస్తున్నాం.

మెట్టు 1: ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"అశ్వగంధకి క్యాన్సర్ మీద ప్రభావం" అనేది ప్రశ్న కాదు. ఇలా రాయండి: మనిషి పీడీ-ఎల్1 జంట మధ్యలోని సొరంగంలో కూర్చోగల, నోటి ద్వారా ఇవ్వదగ్గ చిన్న అణువు మన ఔషధ మొక్కల్లో ఉందా? ఆ జంట, సొరంగం ఏమిటో రెండో మెట్టులో వస్తుంది. ఈ కాగితాన్ని టేబుల్ ముందు అతికించుకోండి. తర్వాత ఏ వడపోత పెట్టాలో, ఏది పెట్టకూడదో ఈ వాక్యమే చెబుతుంది.

మెట్టు 2: ప్రొటీన్ ఆకారం

ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే పాడైపోతాయి. అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

పీడీ-1, పీడీ-ఎల్1 ఒకదానితో ఒకటి తాకే చోటు దాదాపు చదునుగా ఉంటుంది. చిన్న అణువు దాక్కోవడానికి గుంట లేదు. కాబట్టి ఒంటరి పీడీ-ఎల్1 మీద డాకింగ్ చేస్తే ప్రోగ్రామ్ ఏదో ఒక చోట అణువుని అతికించి అంకె ఇస్తుంది గానీ ఆ చోటుకి అర్థం ఉండదు. నేనూ మొదట్లో ఈ పొరపాటే చేశాను. పీడీ-1 పక్కనున్న ఆకారం దించుకుని, పీడీ-1ని తీసేసి, మిగిలిన ఒంటి పీడీ-ఎల్1 మీద వందల అణువులు నడిపాను. మూడు వారాలు పోయాయి. ఫలితాల్లో మొదటి ఇరవై అణువులూ ప్రొటీన్‌కి ఇరవై వైపులా అతుక్కున్నాయి. అప్పుడు గానీ వెనక్కి వెళ్ళి చదవలేదు.

చదవాల్సింది పోలండ్‌లోని క్రాకోలో యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో బయటపెట్టిన పని. బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్ కంపెనీ పేటెంట్లలో ఉన్న చిన్న అణువులు పీడీ-ఎల్1ని ఎలా ఆపుతాయో వాళ్ళు క్రిస్టల్ తీసి చూపించారు. ఆ అణువు రెండు పీడీ-ఎల్1లని దగ్గరికి లాగి, వాటి మధ్యన తాను దూరుతుంది. రెండూ జంటకట్టగానే మధ్యలో నూనె స్వభావమున్న సన్నటి సొరంగం ఏర్పడుతుంది. పీడీ-1 వచ్చి తాకాల్సిన ముఖం లోపలికి మూసుకుపోతుంది. సొరంగం గోడల్లో రెండు వైపుల నుంచీ ఐసోలూసిన్ 54, టైరోసిన్ 56, మెథియోనిన్ 115, అలనిన్ 121 ఉంటాయి. ఈ నంబర్లు రాసి పెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతాయి.

ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 5జే89 అనే నంబరు కింద ఆ కంపెనీ అణువుల్లో ఒకటైన బీఎంఎస్-202తో కలిసిన ఆకారం ఉంది. దాన్ని దించుకోండి. అందులో ఒకటికి మించి జంటలుంటే, మధ్యలో అణువు స్పష్టంగా కనిపించే ఒక్క జంటనే ఉంచండి. దాంతోపాటు 5ఎన్2ఎఫ్ కూడా దించుకోండి. ఎందుకంటే 5జే89లో సొరంగం ఒక కొస మూసి ఉంటుంది. 5ఎన్2ఎఫ్‌లో కొంచెం పెద్ద అణువు కూర్చోవడం వల్ల టైరోసిన్ 56 తలుపులా పక్కకి జరిగి సొరంగం రెండు వైపులా తెరుచుకుంది. ఒక ఆకారంలో పట్టని అణువు రెండోదాంట్లో పట్టొచ్చు. అందుకే రెండిట్లోనూ నడపాలి.

తర్వాత నీళ్ళు తీసెయ్యడం, హైడ్రోజన్లు చేర్చడం, విరిగిపోయిన పక్క గొలుసులు సరిచెయ్యడం. ఇవి కైమెరాఎక్స్‌లో గానీ ఆటోడాక్ టూల్స్‌లో గానీ గంటలో అయిపోతాయి.

మెట్టు 3: అణువుల జాబితా

చెన్నైలోని గణిత శాస్త్ర సంస్థ వాళ్ళు తయారుచేసిన ఇంప్పాట్ అనే డేటాబేస్ మనకి పెద్ద వరం. దాని రెండో రూపంలో 4,010 భారతీయ ఔషధ మొక్కలు, 17,967 రసాయనాలు ఉన్నాయి. ఏ రసాయనం మొక్కలో ఏ భాగంలో ఉందో కూడా ఇస్తుంది. వేరులో ఉన్నదాన్ని ఆకులో వెతికే తిప్పలు తప్పుతాయి.

మొక్కని పట్టుకునేటప్పుడు తెలుగు పేరు మీద ఆధారపడకండి, శాస్త్రీయ నామంతోనే వెతకండి. మనం నేల ఉసిరి అని పిలిచేవి ఫిల్లాంథస్‌లో ఒకటికంటే ఎక్కువ జాతులున్నాయి. తిప్పతీగ అంటే టైనోస్పోరా కార్డిఫోలియా. దాని దాయాది టైనోస్పోరా క్రిస్పా చూడ్డానికి దగ్గరగా ఉంటుంది. రెండూ ఒకటి కావని ఆయుష్ శాఖే 2022లో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఇంకో జాగ్రత్త. మొక్కల అణువుల్లో కుడి ఎడమ తేడాలు ఎక్కువ. అణువుని అక్షరాల వరుసగా రాసే పద్ధతిని స్మైల్స్ అంటారు. అందులో ఆ తేడాని '@' గుర్తుతో చూపిస్తారు. ఆ గుర్తులు లేని వరుస దించుకుంటే ప్రోగ్రామ్ తనకి తోచిన ఆకారం తయారుచేస్తుంది. మీరు డాక్ చేసింది ఆ మొక్కలో లేని అణువు అవుతుంది. పబ్‌కెమ్ అనే రసాయనాల డేటాబేస్‌తో ఒక్కొక్కటీ సరిపోల్చుకోండి. ఆ తర్వాత ఓపెన్ బేబెల్ గానీ ఆర్‌డీకిట్ గానీ వాడి, పీహెచ్ 7.4 దగ్గర అణువు మీద ఏ ఆవేశం ఉంటుందో సరిచేసి, మూడు కొలతల ఆకారంలోకి మార్చండి.

మెట్టు 4: మొదటి చెరుగుడు

లిపిన్‌స్కీ 1997లో చెప్పిన నియమాలు అందరికీ తెలిసినవే: బరువు 500 లోపు, లాగ్‌పీ (నీళ్ళకంటే నూనెలో ఎంత ఎక్కువ కరుగుతుందో చెప్పే కొలత) 5 లోపు, హైడ్రోజన్ బంధానికి దాతలు 5, గ్రహీతలు 10 మించకూడదు. ఇది గుడ్డిగా పెడితే బిళ్ళగన్నేరులోంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ కూడా ఎగిరిపోతుంది, దాని బరువు 825. కానీ విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్. మన ప్రశ్నలో నోటి ద్వారా అని రాసుకున్నాం కాబట్టి ఇక్కడ ఈ వడపోత న్యాయమే. స్విట్జర్లాండ్ వాళ్ళ స్విస్‌ఏడీఎంఈ సైట్‌లో వరుసలు అతికిస్తే ఈ లెక్కలన్నీ వస్తాయి.

దీనికంటే ముఖ్యమైనది పెయిన్స్ వడపోత. 2010లో బేల్, హోలోవే అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఏ పరీక్ష పెట్టినా పనిచేసినట్టు కనిపించే మోసకారి నిర్మాణాల జాబితా ఇచ్చారు. పసుపులోని కర్క్యుమిన్ వీటికి పెద్ద ఉదాహరణ. అది తనంతట తనే మెరుస్తుంది కాబట్టి కాంతి మీద ఆధారపడే పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రొటీన్లతో రసాయనికంగా అతుక్కుంటుంది. నీళ్ళలో త్వరగా విరిగిపోతుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు దాని మీద జరిగిన పనంతా తిరగేసి, డబుల్ బ్లైండ్ క్లినికల్ ట్రయల్స్‌లో ఒక్కటీ గట్టెక్కలేదని రాశారు. పసుపు మీద మనకున్న ప్రేమ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. అయినా ఈ జాబితాలోంచి దాన్ని తీసెయ్యాలి.

అశ్వగంధలోని విథాఫెరిన్-ఏ, నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ సంగతి వేరు. ఇవి ప్రొటీన్లలోని సిస్టీన్‌ని పట్టుకుని విడవవు. మామూలు డాకింగ్‌కి ఈ రసాయన బంధం తెలియదు. వీటిని తీసెయ్యక్కర్లేదు గానీ పక్కన గుర్తు పెట్టుకోండి.

మెట్టు 5: డాకింగ్, కానీ ముందు పరీక్ష ప్రోగ్రామ్‌కే

ఆటోడాక్ వినా అనే డాకింగ్ ప్రోగ్రామ్ వాడదాం. మీ మొక్కల అణువుల్ని ముట్టుకోకముందు రెండు పనులు చెయ్యాలి.

ఒకటి, 5జే89లోంచి బీఎంఎస్-202ని బయటికి తీసి, దాని స్మైల్స్ నుంచి కొత్తగా ఆకారం తయారుచేసి, మళ్ళీ డాక్ చెయ్యండి. క్రిస్టల్‌లో ఉన్న చోటికీ ప్రోగ్రామ్ పెట్టిన చోటికీ తేడాని ఆర్‌ఎంఎస్‌డీ అంటారు. అది 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు రావాలి. బైఫినైల్ భాగం (రెండు రింగులు జతకట్టిన కొస) సొరంగం లోపల, మెథియోనిన్ 115, అలనిన్ 121 దగ్గర ఉండాలి. తోక బయటి నీళ్ళ వైపు ఉండాలి. తలకిందులుగా వస్తే పెట్టె (ప్రోగ్రామ్ వెతికే చోటుకి మనం గీసే హద్దు) కొలతలు, హైడ్రోజన్లు మళ్ళీ చూడండి. పెట్టె మధ్య బిందువు పాత అణువు మధ్యలో పెట్టి, ఒక్కో వైపు 22 నుంచి 25 ఆంగ్‌స్ట్రామ్‌లు ఇవ్వండి. వెతుకులాట లోతు మామూలుగా 8 ఉంటుంది, దాన్ని 16కి గానీ 32కి గానీ పెంచండి.

రెండోది, పీడీ-ఎల్1 మీద పనిచేస్తాయని ఇప్పటికే తెలిసిన ఓ పాతిక అణువుల్ని కెంబల్ అనే డేటాబేస్‌లోంచి తీసుకోండి. డీయూడీ-ఇ సర్వర్‌కి ఇస్తే ఒక్కొక్కదానికి సుమారు 50 చొప్పున, పైకి వాటిలాగే ఉండి పనిచెయ్యవనుకునే నకిలీల్ని తయారుచేసి ఇస్తుంది. అన్నిటినీ కలిపి డాక్ చెయ్యండి. అసలువి పైకి తేలాయా? అసలువీ నకిలీవీ ఎంత బాగా వేరుపడ్డాయో చూపేది ఆర్‌ఓసీ గీత. దాని కింది వైశాల్యం 0.5 దగ్గర ఉంటే నాణెం ఎగరేసి చెప్పినట్టే. నేనైతే 0.7 దాటే దాకా ముందుకి కదలను. టెన్షన్ పడి ఈ పని వదిలేసేవాళ్ళే ఎక్కువ. అలా వదిలేస్తే తర్వాత వచ్చే ఏ అంకెనీ సమర్థించుకోవడానికి ఆధారం ఉండదు.

ఇప్పుడు మీ జాబితా నడపండి. వెయ్యి, పదిహేను వందల అణువులైతే ల్యాప్‌టాప్‌లో ఒకటి రెండు రోజులు.

అంకెలు వచ్చాక చదివే పద్ధతి ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలోకేలరీల తేడా అంటే అతుకు బలంలో పది రెట్ల తేడా. వినా అంచనాలో రెండు మూడు కిలోకేలరీల పొరపాటు మామూలే. కాబట్టి మైనస్ 9.4 మొదటి ర్యాంకు, మైనస్ 8.9 పదో ర్యాంకు అని పోటీ పెట్టడంలో అర్థం లేదు. పై పది శాతాన్ని ఒక గుంపుగా తీసుకోండి.

ఇంకొకటి, పెద్ద అణువుకి ఊరికే మంచి మార్కులొస్తాయి. చాలా మొక్కల్లో ఉండే రూటిన్ అనే అణువులో హైడ్రోజన్లు కాక 43 పరమాణువులున్నాయి. లిపిన్‌స్కీ వడపోత సడలించినవాళ్ళ జాబితాలో ఇది ఎప్పుడూ పైనే ఉంటుంది. దానికి మైనస్ 9.0 వచ్చిందనుకోండి, భాగిస్తే పరమాణువుకి 0.21. ఆండ్రోగ్రాఫోలైడ్‌లో 25 పరమాణువులు. దానికి మైనస్ 7.5 వస్తే పరమాణువుకి 0.30. పైకి ఓడిపోయిన అణువే పరమాణువు లెక్కన చూస్తే గట్టిగా పట్టుకుంది. ఈ భాగహారం ప్రతి అణువుకీ చెయ్యండి.

మెట్టు 6: కళ్ళతో చూడండి

మిగిలిన వందా నూటయాభై అణువుల్ని పైమాల్ అనే, అణువుల బొమ్మలు చూపే ప్రోగ్రామ్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. దీనికి షార్ట్‌కట్ లేదు. సొరంగం నూనె స్వభావంది. రూటిన్ లాంటి అణువుల్లోని చక్కెర భాగం సొరంగం నడిమధ్యలో కూర్చున్నట్టు ప్రోగ్రామ్ చూపిస్తే నమ్మకండి. ఆ చక్కెర చుట్టూ నీళ్ళు గట్టిగా పట్టుకుని ఉంటాయి, వాటిని వదిలించుకుని లోపలికి రావాలంటే అయ్యే ఖర్చుని వినా సరిగ్గా లెక్కగట్టదు. పైగా రూటిన్ మింగితే పేగుల్లోని బ్యాక్టీరియా ఆ చక్కెరని కోసేసి క్వెర్సెటిన్‌గా మారుస్తుంది.

చూడాల్సినవి: రింగు ఏదైనా మెథియోనిన్ 115, అలనిన్ 121ల మధ్య దూరిందా? టైరోసిన్ 56తో ముఖాముఖి ఉందా? జంటలోని రెండు పీడీ-ఎల్1 గొలుసుల్నీ తాకుతోందా, ఒక్కదాన్నేనా? ఒక్కదాన్నే తాకేది జంటని కట్టి ఉంచలేదు. ఇక్కడ ఇరవైకి తగ్గించండి.

మెట్టు 7: కదలనిచ్చి చూడటం

డాకింగ్‌లో ప్రొటీన్ రాయిలా ఉంటుంది. నిజంలో ఊగుతుంది. అందుకని అణువుల కదలికల్ని లెక్కగట్టే గ్రోమాక్స్ ప్రోగ్రామ్‌లో నీళ్ళ మధ్య ఒక్కో అణువుని 100 నానోసెకన్లు నడపండి, వేర్వేరు మొదలులతో మూడుసార్లు. ఒక్కసారే నడిపి గీత గీసి పెట్టడం సరిపోదు. దీంతోపాటు బీఎంఎస్-202 ఉన్న జంట, ఏ అణువూ లేని ఖాళీ జంట కూడా నడపాలి. ఖాళీ జంట ఎంత సడలుతుందో తెలిస్తే తప్ప, మీ అణువు జంటని పట్టి ఉంచిందో లేదో చెప్పలేరు.

దీనికి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కావాలి. గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా కొంత నడుస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ సూపర్ కంప్యూటర్ ఉంది. ఇలాంటి వాటి మీద సమయం దొరికే దారి ఉందేమో మీ గైడ్‌ని అడిగి చూడండి.

నెట్‌వర్క్ ఫార్మకాలజీ గురించి రెండు మాటలు. స్ట్రింగ్, సైటోస్కేప్ వాడి మొక్కకీ జబ్బుకీ మధ్య గీసే ఆ రంగుల వల అందంగా ఉంటుంది. కానీ చాలా పేపర్లలో ఏ మొక్క పెట్టినా క్వెర్సెటిన్, కెంఫెరాల్, బీటా సైటోస్టెరాల్ వస్తాయి. ఏ జబ్బు పెట్టినా ఏకేటీ1, టీపీ53, ఐఎల్6 వస్తాయి. ఎక్కువగా చదివిన ప్రొటీన్లకే డేటాబేస్‌లో ఎక్కువ గీతలుంటాయి, అదీ కారణం. ఆలోచన కోసం వాడుకోండి, రుజువుగా చూపించకండి.

మెట్టు 8: ల్యాబ్‌కి అప్పగించడం

ఐదు నుంచి పది అణువులు చాలు. మొక్క కషాయం పంపకండి, 95 శాతం పైన శుద్ధి ఉన్న అణువు కొని పంపండి. వచ్చాక మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు సరిచూసుకోండి. మొదటి పరీక్ష హెచ్‌టీఆర్‌ఎఫ్. పీడీ-1, పీడీ-ఎల్1 కలవడాన్ని మీ అణువు ఆపుతోందా అని ఇది చూస్తుంది. ఇందులో 0.01 శాతం ట్రైటాన్ డిటర్జెంట్ కలిపి ఇంకోసారి చెయ్యమని అడగండి. డిటర్జెంట్ వెయ్యగానే ప్రభావం పోతే, మీ అణువు ముద్దలు కట్టి ప్రొటీన్‌ని కప్పేసిందని అర్థం. మా అణువుల్లో ఒకటి ఇలాగే పోయింది. బాధేసింది, కానీ ఎలుకల దాకా వెళ్ళాక తెలిసుంటే ఇంకా ఘోరం. రెండో పరీక్ష ఎస్‌పీఆర్‌తో నేరుగా అతుకు కొలవడం. మూడోది కణాల మీద: టీ కణం నిజంగా మేల్కొందా లేదా.

ఎలుకల దగ్గర ఒక ముఖ్యమైన విషయం. మనిషి పీడీ-ఎల్1కి అతుక్కునే ఈ బీఎంఎస్ రకం అణువులు ఎలుక పీడీ-ఎల్1కి అతుక్కోవని 2021లో క్రాకో బృందమే చూపించింది. మామూలు ఎలుకలో గడ్డ తగ్గితే అది పీడీ-ఎల్1 వల్ల అని చెప్పడానికి వీల్లేదు. మనిషి పీడీ-ఎల్1 పెట్టిన ఎలుకలు కావాలి.

ఫలితం బాగుండి పేటెంట్ ఆలోచన వస్తే 2002 జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. దరఖాస్తుకి ముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చదవండి.

ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్ళకి

ఈ పని చేస్తున్నామని తెలిస్తే బంధువులు ఫోన్ చేస్తారు. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న మా బంధువు ఒకాయన తిప్పతీగ కషాయం కూడా తాగొచ్చా అని అడిగారు. వద్దన్నాను, డాక్టర్‌కి చెప్పకుండా ఏ మూలికా వద్దన్నాను. తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. అశ్వగంధతోనూ అలాంటి కేసులున్నాయి. పీడీ-1 మందులు కూడా కొందరిలో కాలేయం వాపు తెప్పిస్తాయి. రెండూ కలిస్తే ఏది కారణమో డాక్టర్‌కి తేలక, పనిచేస్తున్న అసలు మందునే ఆపాల్సి రావొచ్చు. మీ డాకింగ్ ఫలితం చూసి ఎవరూ ఆకు నమలకూడదు. ఇది వాళ్ళకి స్పష్టంగా చెప్పే బాధ్యత మీదే.

ఏం రాసి పెట్టాలి

సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, పెట్టె మధ్య బిందువు, కొలతలు, వినా వాడిన సీడ్ నంబరు (వెతుకులాట ఎక్కడ మొదలైందో తేల్చే అంకె), 5జే89లో ఏ గొలుసులు ఉంచారు, బీఎంఎస్-202కి వచ్చిన ఆర్‌ఎంఎస్‌డీ. థీసిస్‌లో ఇవి ఒక పేజీ. దాని వెనకే తీసేసిన అణువుల పట్టిక పెట్టండి: ఏ అణువు ఏ మెట్టు దగ్గర, ఏ కారణంతో పోయింది. వచ్చే ఏడాది ఇంకో విద్యార్థి అదే మొక్కతో మొదలుపెట్టినప్పుడు ముందు తెరిచేది ఆ పట్టికే.